అప్‌డేట్: గుడ్డు లేని ఒకోనోమియాకి ఇప్పుడు విరగడం లేదు

గుడ్డు వేయకుండా ఒకోనోమియాకి (మైదా, క్యాబేజీతో వేసే జపాన్ మందపాటి అట్టు) చేస్తే తిప్పేటప్పుడు ముక్కలవుతోంది, మధ్యలో పచ్చిగా ఉంటోంది అని పోయిన నెల అడిగాను. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్. సమస్య తీరింది.

పనిచేసింది నాగాఇమో. ఇక్కడ ఒసాకాలో కూరగాయల షాపుల్లో మామూలుగా దొరికే పొడవాటి తెల్ల దుంప. తురిమితే గరిటె నుంచి తీగలా సాగే జిగురు గుజ్జు వస్తుంది, గుడ్డు చేసే పని అదే చేసేస్తుంది. 100 గ్రాముల మైదా, 100 గ్రాముల తురుము, 80 మి.లీ. కొంబు (ఎండబెట్టిన సముద్రపు నాచు) నానబెట్టిన నీళ్లు, 250 గ్రాముల క్యాబేజీ వేశాను. కందలాగే చేతులు దురద పెడతాయి, గ్లవ్స్ వేసుకోండి.

రెండో కారణం నేను ఊహించనిది. క్యాబేజీని అరగంట ముందే పిండిలో కలిపి పెట్టేదాన్ని, అది నీరు వదిలేసేది. ఇప్పుడు పెనం వేడెక్కాకే కలుపుతున్నాను. సన్న సెగ మీద, మూత పెట్టి ఒక్కో వైపు 5 నిమిషాలు. అంచులు తడి ఆరాకే తిప్పాలి.

పెనం మార్చినా, బేకింగ్ పౌడర్ వేసినా నాకు తేడా రాలేదు.

శాకాహారులు సాస్ సీసా, రెడీమిక్స్ పిండి లేబుల్ తప్పకుండా చదవండి. చాలావాటిలో చేప లేదా మాంసం సారం ఉంటుంది.