పరమాణువులో ఛార్జి ఉన్నా షాక్ ఎందుకు కొట్టదు?

కోనసీమ అమ్మ: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పరమాణువులో ప్రోటాన్లకి ప్లస్, ఎలక్ట్రాన్లకి మైనస్ ఛార్జి ఉంటే ఏది ముట్టుకున్నా షాక్ కొట్టాలి కదా అంటోంది. పైగా ప్రోటాన్ ఎలక్ట్రాన్ కంటే దాదాపు 1836 రెట్లు బరువు, మరి ప్లస్సే గెలవాలి కదా అని ఇంకో ప్రశ్న. ఎలా చెప్పను?

భీమవరం మాస్టారు: చాలా మంచి ప్రశ్న అండి, పాపని మెచ్చుకోండి. బరువుతో ఛార్జికి సంబంధం లేదు. రెండిటి ఛార్జి పరిమాణం సరిగ్గా సమానం, గుర్తే వేరు. సోడియంలో 11 ప్రోటాన్లు, 11 ఎలక్ట్రాన్లు, కూడితే సున్నా. న్యూట్రాన్లు 12 ఉన్నా వాటికి ఛార్జి లేదు కాబట్టి లెక్కలోకి రావు. ఒక ఎలక్ట్రాన్ పోతే ఆ పరమాణువు ప్లస్ అయాన్ (అంటే ఛార్జి ఉన్న పరమాణువు) అయిపోయి, దగ్గర్లో ఉన్న మైనస్‌ని లాక్కోవాలని చూస్తుంది, అందుకే మన చుట్టూ ఉన్న వస్తువులు దాదాపు అన్నీ తటస్థంగానే ఉంటాయి.

నరసాపురం రైతు: మా రొయ్యల చెరువు ఉప్పునీళ్లలో సోడియం, క్లోరైడ్ అయాన్లు విడివిడిగానే తిరుగుతాయి కదండీ, మరి?

భీమవరం మాస్టారు: అవునండి, కానీ ప్లస్ ఎంతో మైనస్ అంతే, మొత్తం నీరు తటస్థమే. అయాన్లు కదులుతాయి కాబట్టి కరెంటు మాత్రం బాగా పారుతుంది. ఏరేటర్ (చెరువు నీళ్లకి గాలి అందించే మిషను) వైరు తెగి నీళ్లలో పడితే మెయిన్ ఆపకుండా దిగకండి.

కోనసీమ అమ్మ: బరువు సంగతి ఇప్పుడే చెప్పాను, అర్థమైందంట. థాంక్సండి.