మాచు పిచ్చు నాలుగు రోజుల నడక: ఎత్తు గురించి టెన్షన్

మాది సెమిలిగూడ. వచ్చే మేలో అక్కా నేనూ పెరూలో మాచు పిచ్చుకి వెళ్లే పాత కొండదారి, ఇన్కా ట్రెయిల్ నడవాలనుకుంటున్నాం. ప్రాక్టీసుకి ప్రతి ఆదివారం దేవమాలి ఎక్కుతున్నాం. కానీ అది 1,672 మీటర్లే, అక్కడ రెండో రోజు కనుమే 4,215. సరిపోతుందా?

జవాబు (జయపురం): తమ్ముడూ, దేవమాలి కాళ్లకు పనికొస్తుంది, ఊపిరికి కాదు. నడకకి ముందు దిగే ఊరు కుస్కోయే 3,400 మీటర్లు. నేను దిగిన రోజే మెట్లెక్కాను. రాత్రంతా తలనొప్పి, చెంచాడు సూప్ కూడా సయించలేదు. మీరు మూడు రోజులు అక్కడే నింపాదిగా తిరగండి, నీళ్లు బాగా తాగండి. అక్కడ కోకా ఆకుల టీ ఇస్తారు, తాగొచ్చు. ఆ ఆకులు మాత్రం ఇంటికి తేవద్దు, మన దేశంలో నేరం.

జవాబు (రాయగడ): ముందు పర్మిట్ చూడండి. గైడ్లు, కూలీలతో కలిపి రోజుకు 500 మందికే. మే నెలవి నెలల ముందే అయిపోతాయి. పాస్‌పోర్ట్ నంబరు మీదే ఇస్తారు. దొరక్కపోతే మాచు పిచ్చుకే వెళ్లే ఇంకో నడక, సల్కాంటే దారి ఉంది, దానికి ఆ పర్మిట్ అక్కర్లేదు. కనుమ మాత్రం 4,600 మీటర్లు దాటుతుంది.

అడిగినవారు: అక్క పాస్‌పోర్ట్ ఇప్పుడే తీసి చూశా, జూన్‌తో గడువు అయిపోతోంది. రేపే రెన్యువల్‌కి పెడతాం. చాలా థాంక్స్ అన్నా.