పాత సింథసైజర్ మెట్ల కింది రబ్బరు పట్టీలను బాగుచేయవచ్చా, మార్చాల్సిందేనా?

నా దగ్గర 1980ల నాటి 61 మెట్ల సింథసైజర్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు వాయిద్యం) ఉంది. ఒక్కొక్క మెట్టు కింద రబ్బరు పట్టీకున్న గుబ్బలో రెండు కార్బన్ బిళ్లలుంటాయి. అవి ఒకదాని తర్వాత ఒకటి సర్క్యూట్ బోర్డును తాకడానికి పట్టే వ్యవధిని బట్టే మెట్టును ఎంత వేగంగా నొక్కామో వాయిద్యం గ్రహిస్తుంది. ఇప్పుడు మధ్య స్థాయిలోని కొన్ని మెట్లు, ఎంత మెల్లగా నొక్కినా, గట్టిగానే పలుకుతున్నాయి (అన్నిటికన్నా మొండిది షడ్జమమే).

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో బిళ్లలనూ, బోర్డు మీది కార్బన్ గీతలనూ తుడిచి, పూర్తిగా ఆరాక బిగించాను. రెండు రోజులు చక్కగా పలికి, మళ్లీ మొదటికొచ్చింది. దూదికి నలుపు అంటడం చూశాక ఇంకోసారి రుద్దడానికి చేయి రావడం లేదు.

ఇలాంటి బిళ్లలకు గ్రాఫైట్ పూత వేసినవారుంటే, అది ఎంతకాలం నిలిచిందో చెప్పగలరా? రబ్బరు పట్టీని పక్క స్థాయిలోని పట్టీతో తారుమారు చేసి చూస్తే, లోపం రబ్బరుదో బోర్డుదో నిశ్చయంగా తేలుతుందా?