కడచూపు అనే మాట దేశానికి వాడొచ్చా?

ఒక పేరును తెలుగులోకి తేవడానికి వారం నుంచి తంటాలు పడుతున్నాను. బ్రిటిష్ దర్శకుడు డెరెక్ జార్మన్ 1987లో తీసిన సినిమా, 'ది లాస్ట్ ఆఫ్ ఇంగ్లండ్'. కథ లేదు. పాత్రలు మాట్లాడుకోవడమూ దాదాపు లేదు, వెనక నుంచి ఒక గొంతు మాత్రం అప్పుడప్పుడు వినిపిస్తుంది. సూపర్ 8 అనే చిన్న ఫిల్మ్ కెమెరాతో తీసిన గరుకు దృశ్యాలు: పాడుబడ్డ రేవులు, మంటలు, ముసుగులేసుకుని తుపాకులు పట్టినవాళ్లు, మధ్యమధ్య జార్మన్ కుటుంబం పాత హోమ్ మూవీలు. మార్గరెట్ థాచర్ ప్రధానిగా ఉన్న కాలపు ఇంగ్లండ్ మీద కడుపుమంట అదంతా. అరగంటకే ఆపేద్దామనుకున్నాను. కానీ పెళ్లిగౌనులో ఉన్న నటి టిల్డా స్వింటన్ మంట పక్కన నిలబడి, ఆ గౌనునే కత్తెరతో పరపరా కోసుకుంటుంటే చూపు తిప్పుకోలేకపోయాను.

'ఇంగ్లండ్ పతనం' అంటే సరిపోదా అన్నారు ఒక మిత్రులు. నాకు సరిపోలేదు. పతనం అంటే పైనుంచి పడటం. ఈ సినిమాలో ఏదీ పడదు, ఉన్నచోటే ఉండి పాడవుతుంది. 'క్షయం' కొంత దగ్గరే గానీ, వినగానే జబ్బు గుర్తొస్తుంది.

నా మనసు 'కడచూపు' మీదికే పోతోంది. ఒక చిక్కుంది. ఆ ఇంగ్లిష్ పేరు అసలు ఫోర్డ్ మాడక్స్ బ్రౌన్ అనే చిత్రకారుడు 1855లో పూర్తిచేసిన బొమ్మది. ఓడలో వలసపోతున్న భార్యాభర్తలు, ఆమె శాలువాలోంచి కనబడే పసిబిడ్డ చెయ్యి, ఓడ అంచుకు వేలాడగట్టిన క్యాబేజీలు, వెనక మూలన ఇంగ్లండ్ తీరంలోని డోవర్ తెల్లకొండలు. ఇద్దరిలో ఒక్కరూ వెనక్కి తిరిగి చూడరు. అక్కడ అసలు చూపే లేదు. పైగా ఆ ఇంగ్లండ్ బతికే ఉంది, వీళ్లే వెళ్లిపోతున్నారు.

మనకు కడచూపు అంటే చనిపోయినవాళ్లనో, చావుకు దగ్గరైనవాళ్లనో చూడటమే. మా పెద్దమ్మ పోయినప్పుడు అన్నయ్య డాలస్ నుంచి బయలుదేరాడు, అందుకోలేకపోయాడు. 'కడచూపుకు నోచుకోలేదు' అని ఊరంతా అన్నారు. ఆ 'నోచుకోవడం'లో నోము ఉంది, అందరికీ దక్కేది కాదని ఉంది. ఇప్పటికీ అన్నయ్య దగ్గర ఎవరూ ఆ మాట ఎత్తరు.

అందుకే బొమ్మకు కుదరని మాట సినిమాకు కుదురుతుందనిపిస్తోంది. సినిమాలో పోతున్నది దేశమే. తీస్తున్నవాడికీ, తనకు హెచ్ఐవి ఉందని 1986 డిసెంబరులోనే తెలిసింది. 'కడ' అంటే చివర (కడసారి, కడగొట్టు బిడ్డ). 'నా కడకు రా' అన్నప్పుడు దగ్గర. జార్మన్ తన దేశాన్ని దూరం నుంచి చూడలేదు, మంచం పక్కన కూర్చున్నట్టు చూశాడు.

'ఇంగ్లండ్ కడచూపు' అంటే ఇంగ్లండ్‌ను మనం చూడటమా, ఇంగ్లండే మనల్ని చూడటమా అన్న అయోమయం మాత్రం మిగిలింది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోయిన ఊళ్లవాళ్లు ఎవరైనా ఇక్కడ ఉంటే చెప్పండి. ఊరిని చివరిసారి చూసిన రోజు గురించి మీ ఇళ్లలో ఏ మాటతో చెప్పుకుంటారు?