పరికరం వెనుక జేబులో ఉంటే కారుకు హెచ్చరిక అందడం లేదు

పాదచారి దగ్గరి పరికరం తన స్థానం, వేగం, దిశలను 5.9 గిగాహెర్ట్జ్‌లో సెకనుకు 10 సార్లు నేరుగా కారుకు పంపే ప్రాజెక్టు చేస్తున్నాం. దాన్ని చేత్తో ఎత్తి పట్టుకుంటే 150 మీటర్ల నుంచే హెచ్చరిక వస్తోంది. వెనుక జేబులో పెట్టుకొని కారుకు ఎదురుగా నిలబడితే మాత్రం 40 మీటర్ల లోపుకు వచ్చేదాకా రావడం లేదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో అది మూడు సెకన్లు కూడా కాదు!

పరీక్షలు ఖాళీ మైదానంలోనే చేశాం కాబట్టి శరీరమే అడ్డుపడుతోందని నా అనుమానం. ప్రసార శక్తిని 20 నుంచి 23 డీబీఎంకు పెంచాం, కారు యాంటెన్నాను పైకప్పు మధ్యకు మార్చాం. పెద్దగా తేడా లేదు. పరికరాన్ని చేతిలోనే పట్టుకొని నడవమని వృద్ధులకు చెప్పలేం కదా.

పాదచారికి రెండో యాంటెన్నా ఇవ్వడం, కూడలి స్తంభంపై సందేశాన్ని తిరిగి ప్రసారం చేసే యూనిట్ పెట్టడం, ఈ రెండింటిలో మీ అనుభవంలో ఏది పనిచేసింది?