కాయిన్ సెల్ మీద నడిచే పీజో బజర్ మోత పెంచడం ఎలా?

పల్స్85:
ఏటీటైనీ85 మైక్రోకంట్రోలర్ చిప్, 3 వోల్టుల సీఆర్2032 కాయిన్ సెల్, వోల్టేజి ఇస్తే వంగి శబ్దం చేసే 27 మి.మీ. ఇత్తడి పీజో డిస్క్‌తో తాళాల గుత్తికి తగిలించే ట్యాగ్ చేస్తున్నాను. డిస్క్ ఒక వైరు చిప్ పిన్ పీబీ1కి, రెండోది గ్రౌండ్‌కి. 2000 హెర్ట్జ్ స్క్వేర్ వేవ్ ఇస్తున్నాను. బాక్సు మూత వేస్తే పక్క గదిలోకి కూడా వినిపించట్లేదు. బీసీ547 ట్రాన్సిస్టర్‌తో స్విచ్ చేస్తే మోత ఇంకా తగ్గింది! ట్రాన్సిస్టర్ పెడితే తగ్గడమేంటి? సెల్ మార్చకుండా పెంచే దారి ఉందా?

టంకంతీగ:
పీజో డిస్క్ సర్క్యూట్‌కి ఒక కెపాసిటర్‌లాగే కనిపిస్తుంది. 27 మి.మీ.దైతే సుమారు 20 నానోఫారడ్లు. ట్రాన్సిస్టర్ ఆన్ అయినప్పుడు చార్జ్ అవుతుంది, ఆఫ్ అయ్యాక ఆ చార్జ్ పోయే దారి లేదు. డిస్క్ వంగి అలాగే ఉండిపోతుంది, ఇక కదలదు. డిస్క్‌కి ప్యారలల్‌గా 1 కిలోఓమ్ రెసిస్టర్ పెడితే శబ్దం తిరిగొస్తుంది, కానీ మొదట ఉన్నదాని కంటే పెరగదు. దానికి కరెంటు కొరత లేదు, చాలనిది వోల్టేజే.

ట్రాన్సిస్టర్ తీసేసి, డిస్క్ రెండో వైరుని గ్రౌండ్ నుంచి ఊడదీసి చిప్ ఇంకో పిన్ పీబీ0కి కలపండి. ఒక పిన్ హైలో ఉంటే రెండోది లోలో ఉండాలి, మరుక్షణం తారుమారు కావాలి. డిస్క్ మీద 3 వోల్టుల ఊపు 6 వోల్టులవుతుంది. అంటే 6 డెసిబెల్స్ లాభం, అదనపు పార్టు లేకుండా. మొదట పీబీ1ని మాత్రమే హై చేసి, ప్రతి అర సైకిల్‌కీ చిప్‌లోని పిన్‌బీ రిజిస్టర్‌లో (ఇందులో 1 రాస్తే ఆ పిన్ తారుమారవుతుంది) ఆ రెండు బిట్లకీ ఒకేసారి 1 రాయండి, రెండు పిన్‌లూ కలిసే మారతాయి. బీప్ అయ్యాక రెండింటినీ లో చెయ్యండి, లేకపోతే డిస్క్ మీద డీసీ నిలిచిపోతుంది. సిరీస్‌లో 220 ఓమ్ రెసిస్టర్ తప్పకుండా పెట్టండి. ట్యాగ్ కింద పడితే పీజో తనే వోల్టేజి పుట్టించి పిన్‌ల మీదికి తోస్తుంది.

రెజొనెన్స్:
పై సలహా సరైనదే, అయితే అసలు నష్టం 2000 హెర్ట్జ్ దగ్గర జరుగుతోందని నా అనుమానం. పీజో తన రెజొనెన్స్ (సహజంగా ఎక్కువగా కంపించే ఫ్రీక్వెన్సీ) దగ్గరే గట్టిగా మోగుతుంది, అటూ ఇటూ జరిగితే బాగా పడిపోతుంది. డేటాషీట్‌లో అంకె ఉన్నా దాన్నే నమ్ముకోకండి. డిస్క్‌ని అతికించిన తీరుని బట్టి ఆ అంకె మారుతుంది. పైగా ఈ చిప్ లోపల టైమింగ్ ఇచ్చే ఆసిలేటర్‌కి ఫ్యాక్టరీ కాలిబ్రేషన్ తర్వాత కూడా 10 శాతం వరకు తేడా ఉండొచ్చు. కాబట్టి బాక్సు మూసి, అదే చిప్‌తో 2000 నుంచి 5000 దాకా 50 చొప్పున పెంచుతూ, ఒక్కో మెట్టు దగ్గర అర సెకను ఆగి వినండి. ఒకచోట మోత ఒక్కసారిగా పైకి లేస్తుంది. అదే మీ ఫ్రీక్వెన్సీ.

బాక్సు సంగతి ఇంకా ముఖ్యం. డిస్క్ వెనకంతా జిగురు పూస్తే వంగే చోటే బిగుసుకుపోతుంది, అంచు చుట్టూ మాత్రమే పలచగా అతికించండి. ముందు వైపు గాలికీ వెనక వైపు గాలికీ మధ్య సందు ఉండకూడదు, ఉంటే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. డిస్క్ ముందు 2, 3 మి.మీ. ఖాళీ వదిలి, మూతకి 3 మి.మీ. రంధ్రంతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచండి. రంధ్రం పెద్దదైతే డిస్క్ ముందున్న ఆ ఖాళీ రెజొనెన్స్ పైకి జరుగుతుంది, ఖాళీ పెరిగితే కిందికి దిగుతుంది. ఈ రెండూ కుదిరాకే ఫ్రీక్వెన్సీ వెతకండి.

పల్స్85:
రెండు పిన్‌ల పద్ధతి పనిచేసింది, ఫ్రీక్వెన్సీ 3850 దగ్గర దొరికింది. చాలా తేడా ఉంది. ఇంకొంచెం కావాలని డిస్క్‌కి ప్యారలల్‌గా 10 మిల్లీహెన్రీ ఇండక్టర్ (తీగచుట్ట), కింద గ్రౌండ్ వైపు స్విచ్‌గా బీసీ547, బేస్‌కి 1 కిలోఓమ్ పెట్టి చూశాను. బీప్ మొదలవగానే చిప్ రీసెట్ అవుతోంది.

టంకంతీగ:
50 శాతం డ్యూటీ (ప్రతి సైకిల్‌లో సగం సేపు ఆన్) ఇచ్చి ఉంటారు. 130 మైక్రోసెకన్లు ఆన్‌లో ఉంచితే 3 వోల్టులకి ఇండక్టర్‌లో కరెంటు 39 మిల్లీఆంపుల దాకా ఎక్కుతుంది. కాయిన్ సెల్ లోపలి రెసిస్టెన్స్ దాన్ని మోయలేదు, వోల్టేజి పడి, చిప్ బ్రౌన్‌అవుట్ (తక్కువ వోల్టేజి) రీసెట్ కొడుతుంది. ఆన్ టైమ్‌ని 60 మైక్రోసెకన్లకి తగ్గించండి. అప్పుడు పీక్ 18 మిల్లీఆంపులు, ఆఫ్ అయ్యాక డిస్క్ మీద లెక్క ప్రకారం 12 వోల్టుల పైచిలుకు. ఇండక్టర్ వైరు రెసిస్టెన్స్ వల్ల నిజానికి కాస్త తగ్గుతుంది. సెల్ కాళ్ల దగ్గరే 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే పీక్‌లన్నీ అది చూసుకుంటుంది, సెల్ నుంచి సగటున 2 మిల్లీఆంపులే. సిరామిక్ అయితే మేలు. ఎలక్ట్రోలిటిక్ లీకేజి మైక్రోఆంపుల్లో ఉంటుంది, నెలల తరబడి నిద్రపోయే ట్యాగ్‌కి అది బరువే.

రెజొనెన్స్:
ఇండక్టర్ పెట్టాక ఫ్రీక్వెన్సీని మళ్లీ వెతకండి. శబ్దాన్ని ఏకధారగా కాకుండా 100 మిల్లీసెకన్లు ఆన్, 100 ఆఫ్‌గా ఇవ్వండి. చెవి దాన్నే త్వరగా పట్టుకుంటుంది, సెల్ ఖర్చూ సగమే.