పార్టీ పత్రిక ఉండడం తప్పా, దానికి మన పన్నుల డబ్బు పోవడం తప్పా?

రేపల్లె పాఠకుడు:
అసెంబ్లీలో బడ్జెట్ పెట్టిన మర్నాడు మన పేపర్లు రెండు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో సంక్షేమం పొంగిపొర్లుతుంది, రెండోదాంట్లో రాష్ట్రం అప్పుల ఊబిలో ఉంటుంది. అంకెలు మాత్రం ఒకే బడ్జెట్ పుస్తకంలోవి. ఢిల్లీలోనూ ఇదే పరిస్థితి. 2023 సెప్టెంబరులో ఇండియా కూటమి 14 మంది టీవీ యాంకర్ల పేర్లు ప్రకటించి, వాళ్ల చర్చలకు మా ప్రతినిధులను పంపం అంది. బ్రిటన్‌లో టీవీ వార్తలు నిష్పాక్షికంగా ఉండాలని అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నిబంధన ఉంది. మన దగ్గరా అలాంటి చట్టం రావాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

ఓరుగల్లు:
నేను ఒప్పుకోనండి. ఆ చట్టాన్ని అమలు చేసేది ఎవరు? ప్రభుత్వమే కదా. 2014లో తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలు ఆపేశారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారగానే సాక్షి టీవీ, ఇంకొన్ని చానళ్లు కేబుల్లో రావడం ఆగిపోయింది. మాకేం సంబంధం లేదని తెలుగుదేశం అంది. చట్టం లేకుండానే ఇంత జరుగుతుంటే, చేతికి చట్టం కూడా ఇస్తామా?

పత్రికకు పక్షం ఉంటే ఉండనివ్వండి. 1983లో ఈనాడు ఎన్టీఆర్ వైపు నిలబడింది, ఆ సంగతి చదివే ప్రతివాడికీ తెలుసు. 2008లో సాక్షి వచ్చినప్పుడు అది ఎవరి కుటుంబానిదో తెలియనివాళ్లు లేరు. తెలిసి కొనుక్కునే పాఠకుడికి మోసం ఏమీ లేదు. నా గొడవంతా ఖజానా డబ్బు గురించే.

2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. పేపర్ కొనుక్కోవడానికి ఒక్కో గ్రామ, వార్డు వాలంటీరుకు నెలకు 200 రూపాయలు. వాలంటీర్లు రెండున్నర లక్షలకు పైనే, అంటే నెలకు 5 కోట్ల పైమాట. ఉత్తర్వులో ఏ పత్రిక పేరూ లేదు, సర్క్యులేషన్ బాగా ఉన్న దినపత్రిక అని మాత్రమే ఉంది. అది అప్పటి ముఖ్యమంత్రి కుటుంబ పత్రిక సాక్షిని కొనిపించడానికే అంటూ ఈనాడు ప్రచురణ సంస్థ ఉషోదయ కోర్టుకెళ్లింది. హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు, అక్కడి నుంచి 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టుకు ఆ కేసు తిరిగింది. ఈలోగా ఏ పేపరూ చదవని కూలీ కట్టిన పన్ను కూడా అందులోకే పోయింది. నాకు కోపం వచ్చేది అక్కడే.

డెస్క్ మనిషి:
చాలా ఏళ్లు జిల్లా డెస్క్‌లో సబ్ ఎడిటర్‌గా చేశాను. పక్షపాతం అంటే అబద్ధం రాయడం అనుకుంటారు. అంత అవసరం పడదు. ఒక బహిరంగ సభకు పది ఫొటోలు వస్తాయి. స్టేజీ మీద నుంచి తీసినదాంట్లో జనసముద్రం. వెనక నుంచి, సభ మొదలవకముందు తీసినదాంట్లో ఖాళీ కుర్చీలు. రెండూ నిజం ఫొటోలే. ఏది ఫస్ట్ పేజీలోకి వెళ్లాలో ఫోన్ వచ్చేది. అవతలి పార్టీ నాయకుడి వివరణ లోపలి పేజీలో సింగిల్ కాలమ్. ఏ చట్టం పట్టుకుంటుంది దీన్ని?

నన్ను ఇంతకన్నా బాధపెట్టింది 2009 ఎన్నికలు. ప్యాకేజీలంటూ అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని ప్రకటనను వార్తగా వేశారు. పాఠకుడికి తెలిసే దారే లేదు. ప్రెస్ కౌన్సిల్ దీని మీద ఇద్దరు జర్నలిస్టులతో ఉపసంఘం వేసింది: పరంజయ్ గుహ ఠాకుర్తా, మన కె. శ్రీనివాస్ రెడ్డి. వాళ్లు పేర్లతో సహా నివేదిక రాస్తే కౌన్సిల్ దాన్ని బయటపెట్టలేదు. 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తే గానీ అది వెబ్‌సైట్‌లోకి రాలేదు.

రేపల్లె పాఠకుడు:
మీ ఇద్దరి మాటా కాదనను. కానీ ఓరుగల్లు గారూ, "తెలిసి కొనుక్కుంటాడు" అన్నారు చూడండి, అది రెండు పేపర్లు కొనగలిగినవాడి మాట. ఊళ్లో టీ కొట్టు దగ్గర ఒకే పేపరు పడుతుంది. పొద్దున్నే పాతిక మంది అదే చదివి అదే నిజం అనుకుంటారు. వాళ్ల సంగతేమిటి? దూరదర్శన్, ఆకాశవాణి 1998 నుంచీ ఎన్నికల్లో గుర్తింపు పొందిన పార్టీలకు ఉచితంగా సమయం ఇస్తున్నాయి. ఎవరికెంతో లెక్క ప్రకారమే. ప్రభుత్వ సంస్థ చేయగలిగినప్పుడు ప్రైవేటు చానళ్లు ఎన్నికల నెల రోజులైనా చేయలేవా?

ఓరుగల్లు:
ఎన్నికల నెల వరకు, అదీ ఎన్నికల సంఘం చేతిలో ఉంటే, సరేనండి. ఆ మాట బాగుంది. అయితే పేపర్లను కూడా కలపాలి. పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు నుంచి టీవీలో ప్రచారం ఆగాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ చెబుతుంది, పత్రికలకు అది వర్తించదు. అందుకే ఓటేయడానికి బయల్దేరే పొద్దున కూడా ఫస్ట్ పేజీ నిండా పార్టీ ప్రకటన చూస్తున్నాం.

మిగతా అయిదేళ్లకు నేను అడిగేది ఒక్కటే. ఏ పత్రికకు, ఏ చానల్‌కు, ఏ యూట్యూబ్ చానల్‌కు ప్రభుత్వ ప్రకటనల కింద ఎంత ఇచ్చారో నెలనెలా పేర్లతో పెట్టాలి. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ఎవరూ అడగకుండానే వివరాలు పెట్టమంటోంది. పెట్టకపోతే మనమే అడుగుదాం. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. తెలంగాణ సమాచార, పౌర సంబంధాల శాఖకు నేను వేస్తాను, 2014 నుంచీ ఏడాదివారీగా. ఆంధ్రప్రదేశ్‌కు మీరు వేస్తారా? డెస్క్ మనిషి గారూ, టారిఫ్ ప్రకటనలు (ప్రభుత్వం ఖరారు చేసిన రేటుకు ఇచ్చేవి), స్పెషల్ సప్లిమెంట్లు విడివిడిగా అడగాలా, కలిపి అడగాలా? ఆ లెక్కలు మీకే బాగా తెలుసు.

డెస్క్ మనిషి:
విడివిడిగా అడగండి. కలిపి అడిగితే మొత్తం ఒక్క అంకె రాసి పంపేస్తారు. ప్రకటన వేయమని పత్రికకు పంపే విడుదల ఉత్తర్వుల (రిలీజ్ ఆర్డర్ల) కాపీలు కూడా కావాలని రాయండి.